ట్రిగ్గర్ వేలి దగ్గరికి రావాలి: ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌ను అమర్చుకోవడం ఎలా?

ముందు ఆ ఆకురాయి కింద పెట్టండి. ఈ మాట మొదటే చెప్పకపోతే, మిగతాది చదివేలోగా కొందరు ట్రిగ్గర్‌ను సగం అరగదీసి ఉంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక విశాఖలో పిస్టల్ పట్టాలని ఉత్సాహపడే పిల్లలు నాకు ఎక్కువగానే కనిపిస్తున్నారు. సంతోషమే. ఏదో వీడియో చూసి, గాజువాక ఆటోనగర్‌లో లేత్ పట్టించి, కొడవలిలా వంగిన ట్రిగ్గర్‌తో వచ్చే తండ్రులూ కనిపిస్తున్నారు. ఇది వాళ్ల కోసం.

ఇక్కడ చెప్పేది పది మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. ఇరవై అయిదు మీటర్ల పిస్టల్‌కూ పద్ధతి ఇదే. ట్రిగ్గర్ బరువు, అంటే అది విడవడానికి వేలు లాగాల్సిన బరువు, లెక్క మాత్రం మారుతుంది.

కావలసినవి

పిస్టల్‌తో వచ్చిన ఎలెన్ కీలు, మాస్కింగ్ టేపు, ఎపాక్సీ పుట్టీ, 240, 400 నంబర్ల ఉప్పు కాగితం, ఒక నోటు పుస్తకం, ట్రిగ్గర్ బరువు చూసే 500 గ్రాముల తూనిక. కొంచెం కాటుక. తూనిక తప్ప మిగతావన్నీ పూర్ణా మార్కెట్‌కు ఒకసారి వెళ్తే దొరుకుతాయి. కాటుక ఇంట్లోనే ఉంటుంది.

లోపల పెల్లెట్ (గుండు) లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. గాలి సిలిండర్ అవసరం లేనప్పుడు తీసి పక్కన పెట్టండి. గొట్టం ఎప్పుడూ ఖాళీ గోడవైపే ఉండాలి. ట్రిగ్గర్ వెనుక లోపలున్న సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా పిస్టల్ పేలకుండా పట్టి ఉంచే కొక్కెం) మరల జోలికి వెళ్లకండి. అది తెలిసిన మెకానిక్ పని.

ముందు పట్టు

గ్రిప్ అరచేతికి కుదరకుండా ట్రిగ్గర్ కదపడం, పునాది లేకుండా కిటికీలకు రంగు వేయడం లాంటిది. పిస్టల్‌ను పది సార్లు పట్టి దించండి. పది సార్లూ చెయ్యి ఒకే చోట కూర్చోకపోతే ఈ వ్యాసం మూసేసి, ముందు గ్రిప్ సంగతి చూసుకోండి. కూర్చుంటే ఇంకొక్కటి చూడండి: చూపుడు వేలి మొదలుకూ గ్రిప్ చెక్కకూ మధ్య వెలుతురు కనబడాలి. రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. వేలు చెక్కను రాసుకుంటూ కదిలితే వేలితోపాటు పిస్టల్ కూడా కదులుతుంది.

వేలు ఎక్కడ ఆనాలి?

అందరూ బోల్తా పడేది ఇక్కడే. తొందరపడకండి.

చాలా మ్యాచ్ పిస్టళ్లలో వేలు ఆనే ట్రిగ్గర్ బ్లేడు ఒక మర మీద నిలబడుతుంది. దాన్ని ముందుకూ వెనక్కూ జరపవచ్చు, కొద్దిగా పక్కకు తిప్పవచ్చు. మర వదులు చేసే ముందు బ్లేడు ఇప్పుడున్న చోట పెన్సిలుతో గీత పెట్టండి. ఈ గీత లేకే ఎంతోమంది దారి తప్పారు.

బ్లేడు మీద పలుచగా కాటుక రాయండి. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, వేలిని దానంతట అది ట్రిగ్గర్ మీదికి వచ్చేలా వదలండి. వెతుక్కోకూడదు. కళ్లు తెరిచి, వేలి మీద నల్ల మచ్చ ఎక్కడ పడిందో చూడండి. తుడిచి, మళ్లీ చేయండి. పది సార్లు చేసి, ప్రతిసారీ పుస్తకంలో వేలి బొమ్మ గీసి మచ్చ గుర్తించండి. విసుగ్గానే ఉంటుంది.

మచ్చ వేలి మొదటి కణుపు మడతకూ గోటి కొసకూ మధ్య, మెత్తటి భాగం నడుమ పడాలి. మడత మీద పడితే ట్రిగ్గర్ మీ చేతికి మరీ దగ్గరగా ఉన్నట్టు, ముందుకు జరపండి. గోటి కొస దగ్గర పడితే దూరంగా ఉన్నట్టు, వెనక్కి తీసుకురండి. జరిపేది ఒకసారికి అర మిల్లీమీటరే. ట్రిగ్గర్ వేలి దగ్గరికి రావాలి గాని, వేలు సాగి ట్రిగ్గర్ కోసం వెళ్లకూడదు.

కణుపు మీద పెడితే బలం వస్తుందని చెప్పే పెద్దమనిషి ప్రతి రేంజిలోనూ ఒకరుంటారు. ఒక్క లాగుతోనే సుత్తిని లేపి పేల్చాల్సిన, బరువైన డబుల్ యాక్షన్ రివాల్వర్‌కు ఆ మాట సరే. అర కిలో లాగడానికి బలం ఎందుకు? అక్కడ కావలసింది స్పర్శ. అది వేలి మెత్తలో ఉంటుంది, కణుపులో ఉండదు.

ఇక బ్లేడును పక్కకు తిప్పడం. కుడిచేతివాళ్ల వేలు కుడివైపు నుంచి వంపు తిరిగి వస్తుంది కాబట్టి, బ్లేడును కూడా ఆ వంపుకు తిప్పితే హాయిగా అనిపిస్తుంది. ఆ హాయే మోసం చేస్తుంది. వేలికి సుఖంగా ఉండటం వేరు, ఒత్తిడి గొట్టానికి సూటిగా వెనక్కి పోవడం వేరు. బ్లేడు ఎక్కువ తిరిగితే ఒత్తిడి పక్కకు చీలి, గొట్టం కొసన గురి చూసే ముందు సైటును తోస్తుంది. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరాన గుండు 30 మిల్లీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. అంటే ఏడు పాయింట్ల వలయంలో పడుతుంది.

కాబట్టి సుఖాన్ని నమ్మకండి, సైటును నమ్మండి. ఖాళీ తెల్ల గోడకు ఎదురుగా నిలబడి డ్రై ఫైర్ చేయండి, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ లాగండి. గురి చుక్క వద్దు. ట్రిగ్గర్ టక్కుమని విడిచే క్షణంలో ముందు సైటు ఎటు ఉలికిందో చూడండి. కుడిచేతివాళ్లకు ఎడమకు పోతే, వేలి కొసతో నెడుతున్నారని అనుమానించండి. కుడికి పోతే, వేలు మరీ లోపలికి దూరింది. ఎడమచేతివాళ్లు దీన్ని తిరగేసి చదువుకోవాలి. ఒకటి రెండు సార్లకే కీ తీయకండి. వేలు నొక్కేటప్పుడు మిగతా మూడు వేళ్లూ బిగుసుకున్నా, బొటనవేలు తోసినా సైటు అలాగే ఉలుకుతుంది. పదికి ఎనిమిది సార్లు ఒకే వైపు ఉలికితేనే ట్రిగ్గర్‌ను ముట్టుకోండి.

ఒక్కసారికి ఒక్క మార్పు. తర్వాత మూడు రోజులు దాన్ని కదపకండి. విశాఖలో ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక కూడా అవసరం. మే నెల ఉక్కలో ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి బండి మీద వచ్చి, చెమటతో ఉబ్బిన చేత్తో కొలతలు తీయకండి. ఇరవై నిమిషాలు నీడన కూర్చుని, చేతులు కడిగి తుడుచుకుని మొదలుపెట్టండి. లేకపోతే జనవరిలో ఆ అమరిక మీది కాదనిపిస్తుంది.

ఆకారం

స్థానం కుదిరాకే ఆకారం. బ్లేడును పిస్టల్ నుంచి విడదీసి, దానికి టేపు చుట్టి, పైన పలుచగా పుట్టీ పరచండి. ఆరాక ఉప్పు కాగితంతో సరిచేయండి. పుట్టీ మందం ఎంతో బ్లేడును అంత వెనక్కి జరపడం మరిచిపోవద్దు. మరిచిపోతే ఇంతవరకూ చేసిన కాటుక పరీక్ష అంతా వృథా.

పచ్చి పుట్టీలో వేలు గుచ్చి గుంట చేయడం చాలామందికి సరదా. అది ఆ రోజు వేలు, ఆ రోజు పట్టు. రేపు పట్టు వెంట్రుకవాసి మారితే గుంట గట్టు వేలిని పక్కకు తోస్తుంది. ముఖం చదునుగా, అంచులు మాత్రం గుండ్రంగా ఉండాలి. మన చెమటకు వేలు జారకుండా పై నుంచి కిందికి సన్నటి గీతలు చాలు. గోళీలా ఉబ్బిన ట్రిగ్గర్లూ ఉన్నాయి, వాటిని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. నా దగ్గర నేర్చుకునేవాళ్లు మాత్రం చదును ముఖంతోనే కాలుస్తారు.

నమూనాకు పుట్టీ కన్నా అంకుడు కర్ర నాకు ఇష్టం. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే. మెత్తగా తెగుతుంది, చాకుతోనే రూపం వస్తుంది. పరీక్షకు తప్ప పోటీకి పనికిరాదు.

నెల రోజులు ఆ నమూనాతో కాల్చి, మార్చాలనిపించకపోతే అప్పుడు లేత్ దగ్గరికి వెళ్లి అల్యూమినియంతో విడిగా కొత్త బ్లేడు చేయించండి. అసలు బ్లేడును అరగదీయకండి. కొత్తలో నేను అరువు తెచ్చుకున్న పిస్టల్ బ్లేడును ఒక మిల్లీమీటరు ఎక్కువ అరగదీశాను. అరిగిన లోహం తిరిగి రాదు కదా! కొత్త ముక్క వచ్చేదాకా ఆ పిస్టల్ యజమాని ముఖం చూడలేకపోయాను.

బరువు

ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, ఇరవై అయిదు మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉండాలి. గొట్టాన్ని నిటారుగా పైకి పట్టి, తూనికను ట్రిగ్గర్ మధ్య భాగానికి తగిలించి ఎత్తాలి. ట్రిగ్గర్ విడవకూడదు. బ్లేడును కిందికి పొడిగించిన వాళ్లకు మీట పొడవు పెరిగి, కొస దగ్గర బరువు తగ్గుతుంది, మళ్లీ చూసుకోవలసిందే. నేను 515 పెడతాను. అందులో నాలుగింట మూడు వంతులు మొదటి దశకే, అంటే ట్రిగ్గర్ విడిచే ముందు వేలికి అడ్డు తగిలేదాకా సాగే కదలికకే, ఇస్తాను. పోటీలో సరిగ్గా 500కు పెట్టి, తనిఖీ బల్ల దగ్గర చెమటలు పట్టించుకోవడం నాకు చేతకాదు.

మర బిగించాక మరకూ బ్లేడుకూ కలిపి గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. ఎప్పుడైనా వదులైతే చుక్క రెండుగా విడిపోయి కనిపిస్తుంది. పాత బ్లేడును చిన్న డబ్బాలో వేసి, పైన పిస్టల్ నంబరు రాసి, పెట్టెలోనే ఉంచండి.