పాత మస్టాంగ్ సస్పెన్షన్: కిట్టు కొనే ముందు జబ్బు ఎక్కడుందో చూడండి

నా గరాజులో ఉన్నది 1966 మస్టాంగ్ కూపే. 289 వి8 ఇంజిను, మూడు గేర్ల ఆటోమేటిక్. కొన్న మొదటి ఏడాది దాని మీద నేను చేసిన తప్పు నిజానికి ఒక్కటే, కాకపోతే నాలుగైదు సార్లు చేశాను: జబ్బు వెతక్కుండా మందు కొన్నాను. డల్లాస్‌కి ఉత్తరాన 75 హైవే మీద 65 మైళ్లు దాటితే చాలు, బండి లేన్‌లో నిలబడేది కాదు. గట్టి స్ప్రింగులు వేశాను, ఖరీదైన షాకులు వేశాను. బండి ఎత్తు తగ్గింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, తూలడం మాత్రం మానలేదు. ఆఖరికి దొరికింది ఏమిటంటే రెండు రబ్బరు బుష్షులు, అంటే కడ్డీలు బిగించే చోట అదురుని మింగే దిమ్మలు. వేళ్లతో నలిపితే బెల్లం ముక్కలా పొడయ్యాయి.

మీ బండి 1965 నుంచి 70 దాకా ఏ మస్టాంగ్ అయినా కింద రాసింది చాలామటుకు వర్తిస్తుంది. ఎక్కడ తేడా ఉందో అక్కడ చెబుతాను.

ముందు దీని ఒళ్లు ఎలా కట్టారో ఒక్క మాట. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో చూపించిన ఈ కారుకి అడుగున ఉన్నది ఫాల్కన్ అనే చవక కుటుంబ కారు. ముందు ఒక్కో చక్రాన్ని బాడీకి కలిపేవి పై ఆర్మ్, కింది ఆర్మ్ అనే రెండు చేతులు. స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుంటుంది, దాని బరువంతా ఇంజిన్ పక్కన నిలబడ్డ షాక్ టవర్ మోస్తుంది. కింది ఆర్మ్‌కి లోపలి వైపు ఒకే ఒక్క బోల్టు. అది ముందుకీ వెనక్కీ ఊగకుండా స్ట్రట్ రాడ్ అనే ఇనుప కడ్డీ ముందు నుంచి పట్టుకుని ఉంటుంది. వెనక మాత్రం మన లారీలకున్నట్టే కమాన్ కట్టలు.

హైవే మీద తూలుతోంది, స్టీరింగ్ ఊరికే సవరిస్తూ ఉండాల్సి వస్తోంది

ఎక్కువమంది ఇక్కడే డబ్బు తగలేస్తారు, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

ముందు టైర్లు చూడండి. పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. పాత కార్లు ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగవు కాబట్టి గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం చెక్కలా గట్టిపడిపోయి ఉంటుంది. పదేళ్లు దాటిన టైరు మీద ఏ సస్పెన్షన్ వేసినా దండగే.

తర్వాత స్టీరింగ్ ప్లే, అంటే వదులు. ఇంజిన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని లోపల కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అటూ ఇటూ రెండంగుళాలు కదపమనండి. మీరు కింద పడుకుని ఒక్కో కీలు మీద వేలు ఆనించి చూడండి: స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, అవతలి వైపు ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ చివర్లు. ఒక ముక్క కదిలి, దాన్ని అంటుకున్న పక్క ముక్క ఆలస్యంగా కదిలిందంటే దొంగ దొరికినట్టే. కంటికన్నా వేలు నయం, సన్నటి టక్కు కూడా తెలిసిపోతుంది. అలాగే స్టీరింగ్ బాక్సు ఫ్రేముకి బిగించిన బోల్టుల్ని పానతో ఒకసారి పట్టి చూడండి. నా బండిలో మూడింటిలో ఒకటి చేత్తో తిరిగింది.

బాక్సు మీద ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది. ప్లే ఉందని దాన్ని బిగించేస్తుంటారు. చక్రాలు ముందుకి నేరుగా ఉన్నప్పుడు ప్లే కాస్త తగ్గేంత వరకే తిప్పాలి. అతిగా బిగిస్తే లోపల పళ్లు అరిగిపోతాయి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. అప్పుడు కొత్త బాక్సే గతి.

కీళ్లన్నీ బాగుండి ఇంకా తూలుతోందంటే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు. ఇక్కడో తమాషా జరిగింది. నేను వెళ్లిన షాపులో కుర్రాడు కంప్యూటర్‌లో 1966 మస్టాంగ్ అని కొట్టాడు. తెర మీద అన్నీ పచ్చగా వచ్చాయి. "పర్ఫెక్ట్ సార్" అన్నాడు. ఆ పచ్చరంగే అసలు సమస్య. అవి లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాత రకం బయాస్ ప్లై టైర్ల కాలం నాటి అంకెలు. ఇప్పుడు మనం వేసేది రేడియల్ టైర్లు. వాటికి కావలసింది వేరు: కాస్టర్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలడం) ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం వాలు, లోపలికైతే మైనస్) మైనస్ అర డిగ్రీ దరిదాపుల్లో, టో ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) అంగుళంలో ఎనిమిదో వంతు. పవర్ స్టీరింగ్ లేకపోతే కాస్టర్ 2 దగ్గరే ఆపండి, పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి. ఈ అంకెలు కాగితం మీద రాసి మరీ షాపు వాళ్ల చేతిలో పెట్టండి.

1965, 66 బళ్లలో క్యాంబర్, కాస్టర్ రెండూ షిమ్ములతోనే సర్దాలి. పై ఆర్మ్‌కీ షాక్ టవర్‌కీ మధ్య దూర్చే పల్చటి రేకులవి. రెండు బోల్టుల దగ్గరా సమానంగా తీస్తే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ముందు బోల్టు దగ్గర ఎక్కువ వేస్తే ఆర్మ్‌ని చక్రానికి కలిపే పై బాల్ జాయింటు వెనక్కి జరిగి కాస్టర్ పెరుగుతుంది. 1967 నుంచి ఈ బాధ లేదు, కింది ఆర్మ్ దగ్గర క్యామ్ బోల్టు, స్ట్రట్ రాడ్ మీద నట్లు పెట్టారు. షిమ్ములంటే ఏమిటో తెలియని షాపు నుంచి బండి తీసుకుని బయటికొచ్చేయండి, మొహమాటం వద్దు.

బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోంది, టక్కుమంటోంది

బ్రేకులే కారణం అనుకుంటాం. కావచ్చు, డ్రమ్ముల సర్దుబాటు చూడాల్సిందే. కానీ నా బండిని పీడించింది స్ట్రట్ రాడ్ బుష్షులు, మొదట్లో చెప్పిన పొడైన రబ్బర్లు ఇవే. రబ్బరు చచ్చిపోతే బ్రేకు పడ్డప్పుడల్లా కింది ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, కాస్టర్ అప్పటికప్పుడు పడిపోతుంది. కుడి ఎడమలు ఒకే రకంగా జరగవు కాబట్టి బండి పక్కకి పోతుంది. అలైన్‌మెంట్ మెషీను మీద ఇది దొరకదు, ఎందుకంటే అక్కడ బండి కదలదు, బ్రేకు భారం పడదు.

పరీక్ష తేలిక. ఖాళీ స్థలంలో ఎవరినైనా నడక వేగంతో నడిపి బ్రేకు వేయమనండి. మీరు పక్కన దూరంగా నిలబడి టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య సందు చూడండి. బ్రేకు పడగానే టైరు వెనక్కి జరగడం కంటికి కనిపిస్తే బుష్షులు పోయినట్టు.

పరిష్కారం కొత్త రబ్బరు బుష్షులు. బుష్షు అనగానే పాలియురేథేన్ కొనేవాళ్లున్నారు, ఈ ఒక్క చోట వద్దంటాను. ఆర్మ్ పైకీ కిందకీ ఆడుతున్నప్పుడు ఈ రాడ్ కూడా కోణం మారాలి. గట్టి పాలీ బుష్షు దాన్ని మారనివ్వదు, వంగి వంగి రాడ్ విరుగుతుంది. హైవే మీద అది విరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ట్రాక్‌కి వెళ్లే ఉద్దేశం ఉంటే గోళాకారపు కీలున్న రాడ్లు కొనండి. కాస్త చప్పుడు ఉంటుంది, పని మాత్రం ఖచ్చితంగా చేస్తాయి.

మలుపులో పడవలా ఒరుగుతోంది

ఇప్పుడు నిజంగా అప్‌గ్రేడ్ మాట. ఖర్చుకి తగ్గ ఫలితం ముందుగా ఇచ్చేది లావుపాటి ముందు స్వే బార్, అంటే కుడి ఎడమ చక్రాల్ని కలిపి ఒరగడాన్ని ఆపే కడ్డీ. బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ముప్పావు అంగుళం బార్ తీసి అంగుళం బార్ పెడితే మూడు రెట్లకు మించి గట్టిపడుతుందన్న మాట. తర్వాత మంచి షాకులు. స్ప్రింగులది మూడో స్థానం. వెనక స్వే బార్‌కి తొందరపడొద్దు, వాన రోడ్డు మీద వెనక భాగం జారిపోయే గుణం వస్తుంది.

స్ప్రింగు కొనేటప్పుడు అంకె చూసి భయపడొద్దు. అంగుళానికి 600 పౌన్లు అంటే రాయిలా ఉంటుందేమో అనిపిస్తుంది. కానీ ఈ స్ప్రింగు పై ఆర్మ్ మధ్యలో ఉంటుంది, చక్రం చివర్లో ఉంటుంది. ఈ లివరు నిష్పత్తి వర్గంతో గట్టిదనం తగ్గుతుంది. నిష్పత్తి సగం అనుకుంటే చక్రం దగ్గర మిగిలేది నాలుగో వంతే. అందుకే మస్టాంగ్‌కి పోటీగా వచ్చిన షెవ్రొలే కమారో వాళ్ల స్ప్రింగు అంకెతో మనది పోల్చడం కుదరదు.

ఇక షెల్బీ డ్రాప్. దీని మూలం ఫోర్డ్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్, పేరు మాత్రం మస్టాంగ్‌నే రేసులకు మలచిన 1965 షెల్బీ జీటీ350కి దక్కింది. పై ఆర్మ్ బోల్టు రంధ్రాల్ని అంగుళం కిందికి కొత్తగా తొలవడమే. బండి ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం లోపలికి వాలి, టైరు నేలని నిండుగా పట్టుకుంటుంది. ఒక టెంప్లేటు, మంచి డ్రిల్లు బిట్టు, ఒక శనివారం చాలు. నా దృష్టిలో ఈ బండికి ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా గొప్ప మార్పు లేదు. తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

ఒక హెచ్చరిక. ఈ స్ప్రింగు బయటికి తీయాలంటే షాకు తీసేసి, టవర్ లోపలి నుంచి కంప్రెసర్‌తో నొక్కాలి. ఈ బండికి సరిపోయే కంప్రెసరే వాడండి. నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది. అలవాటు లేకపోతే ఇదొక్కటీ మెకానిక్‌కి వదిలేయండి.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు దడదడ ఎగురుతున్నాయి

దీని గురించి విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ల పని చేసిన మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఫోన్ కింద పెట్టి వెనక భాగం చూపించాను. ఒక్క నిమిషం చూసి, "ఒరేయ్, కమాన్ నడుం పడిపోయింది కదరా, షాకులు మార్చి ఏం లాభం? ముందు యూ బోల్టులు బిగించావా లేదా?" అన్నాడు. బిగించలేదు. ఒక దానికి అర చుట్టు పైనే పట్టింది.

జరిగేది ఇది: ఇంజిన్ బలం చక్రాల మీద పడగానే ఇరుసు ఎదురు తిరగబోతుంది, డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. కమాన్ పట్టీల ముందు సగం దాంతో పాటు మెలిక పడుతుంది. టైరు పట్టు జారిన క్షణంలో పట్టీ తటాలున వెనక్కి కొడుతుంది, మళ్లీ పట్టు, మళ్లీ మెలిక. అదే ఆ దడదడ. కమారో వాళ్లు మన కన్నా ఎక్కువ పడ్డారు. 1967లో దానికి వెనక ఒకే పట్టీ ఇచ్చారు. మరుసటి ఏడాది బలమైన మోడళ్లకి పట్టీలు పెంచి, షాకుల్ని ఒకటి ఇరుసు ముందు, ఒకటి వెనక పెట్టాల్సి వచ్చింది.

సరిచేసే వరస: ఇరుసుని కమాన్‌కి కట్టే యూ బోల్టులు, పట్టీల మధ్య సెంటర్ బోల్టు, కమాన్ ముందు కంటి బుష్షు, కమాన్ వెనక చివరని బాడీకి వేలాడదీసే షాకిళ్లు. పట్టీలు చదునై పోతే కొత్త కట్ట. పాత కట్టకి పట్టీ కలిపితే వెనక ఎత్తు పెరుగుతుంది, బండి బిగుసుకుంటుంది. అప్పటికీ ఎగురుతుంటే కమాన్ మెలిక పడకుండా ఆపే ట్రాక్షన్ బార్లు. రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలికపడి ఏడాదిలో చిరుగుతుంది.

దించాక బండి గుంతకి ఎగిరి పక్కకి కొడుతోంది

స్ప్రింగు కోసి దించిన బళ్లలో ఇది మామూలు. షాకు అడుగంటుతోందేమో, రబ్బరు బంప్ స్టాపులు అసలు ఉన్నాయో లేవో చూడండి. అడుగంటకపోయినా గుంత పడగానే స్టీరింగ్ దానంతట అది తిరిగితే అది బంప్ స్టీర్: టై రాడ్ తిరిగే చాపం, ఆర్మ్ తిరిగే చాపం కలవడం లేదు. టై రాడ్ బయటి చివర ఎత్తు సర్దే కిట్లు దొరుకుతాయి. అంగుళానికి మించి దించకపోతే చాలా బళ్లకి ఆ అవసరం రాదు.

బండి మొత్తం కిర్రుమంటోంది, జాకీ ఎత్తితే తలుపు పట్టడం లేదు

సస్పెన్షన్ ఆర్డర్ చేయడం ఆపి టార్చి తీసుకోండి. పై ఆర్మ్ బోల్టుల చుట్టూ షాక్ టవర్ మీద పగుళ్లు వెతకండి. పెయింటు మీద వెంట్రుకలా కనిపించేది చాలాసార్లు రేకు పగులే. ముందు దాన్ని వెల్డింగ్ చేయించి, టవర్లని ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉన్న ఫైర్‌వాల్‌కి కట్టే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, అడుగున ముందు వెనక ఫ్రేముల్ని కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు పెట్టండి. పునాది ఊగుతుంటే గట్టి స్ప్రింగులు పగుళ్లనే పెంచుతాయి.

"టవర్లు కోసేసి మస్టాంగ్ 2 కిట్టు వేసెయ్" అని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. 1974-78 మస్టాంగ్ 2 పద్ధతిని అనుసరించిన కిట్లవి, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్‌తో వస్తాయి. ఇంజిన్ బేలో పట్టని వెడల్పు ఇంజిన్ దించాలనుకుంటే వాటికి అర్థం ఉంది. అంతకు ముందు టవర్ల మీద పడిన బరువు ఇప్పుడు కింది రెయిల్స్ మీద పడుతుంది కాబట్టి వాటికి బలం కట్టాలి. 289 ఉంచుకునే నాలాంటి వాడికి అది అనవసరం.

మెల్లగా వెళ్తుంటే మంచం కిర్రుమన్నట్టు చప్పుడు

ఇది చివర్లో పెట్టినా అందరికీ వచ్చేది ఇదే. పై ఆర్మ్ ఇరుసుకి రెండు చివర్లా ఇనుప బుష్షులుంటాయి, వాటికి గ్రీజు కావాలి. గ్రీజు రంధ్రం మూసే ప్లగ్గులు గన్ను అందని సందులో ఉంటాయి కాబట్టి దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోరు. ప్లగ్గు తీసి 90 డిగ్రీలు వంగిన నిపిల్ పెట్టండి. జాకీ బాడీ కింద పెట్టి చక్రం వేలాడనిస్తే గ్రీజు లోపలికి దిగుతుంది. నా బండి ఎడమ వైపు మొదట ఎర్రటి తుప్పు నీళ్లు కక్కింది, తర్వాత పాత నల్ల గ్రీజు, ఆ తర్వాతే కొత్తది కనిపించింది. ఇంకా కిర్రుమంటే స్ప్రింగు కూర్చునే పీట, అంటే పెర్చ్ చూడండి. దాని రబ్బరు బుష్షు అరిగి ఉంటుంది. బేరింగులున్న రోలర్ పెర్చ్ వేస్తే చప్పుడు పోవడమే కాదు, చిన్న చిన్న గతుకుల మీద ముందు భాగం మెత్తగా నడుస్తుంది. నా ఆవిడ ఇన్నేళ్లలో గమనించి మెచ్చుకున్న అప్‌గ్రేడ్ అదొక్కటే.