పది వాట్ల గిటార్ యాంప్లిఫయర్, దానికి తగిన స్పీకర్ డబ్బా: ఇంట్లో తయారుచేసుకునే విధానం

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ యాంప్లిఫయర్ బిగించగల మేస్త్రీలకు కొదవ లేదు. పెళ్లిళ్లకు, బతుకమ్మకు, వినాయక మండపాలకు మైక్ సెట్లు కిరాయికిచ్చే చోట 4440 బోర్డో 2030 బోర్డో (ఆ నంబరు ఐసీలున్న యాంప్లిఫయర్ బోర్డులు) తెచ్చి చేత్తో అమర్చుకున్న సెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అయినా అలాంటి సెట్టుకు ఎలక్ట్రిక్ గిటార్ తగిలిస్తే స్వరం మందంగా, పదును లేకుండా వస్తుంది. లోపం పవర్ బోర్డుది కాదు. గిటార్ యాంప్లిఫయర్‌కు, మామూలు యాంప్లిఫయర్‌కు అసలు తేడా రెండు చోట్ల ఉంటుంది: గిటార్ వైరు వచ్చి చేరే మొదటి స్టేజీలో, చివరన ఉండే స్పీకర్‌లో. డబ్బూ శ్రద్ధా ఆ రెండింటి మీద పెట్టి, నడుమ ఉన్నదానికి బజారు సరుకుతో సరిపెట్టుకోవచ్చు.

గిటార్ పికప్ అంటే తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. మల్టీమీటర్ దాని నిరోధాన్ని 6 నుంచి 10 కిలో ఓమ్‌లుగా చూపినా, దానికి 2 నుంచి 5 హెన్రీల దాకా ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి స్వరం పైకి వెళ్లేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. 3 హెన్రీల పికప్‌కు 4 కిలోహెర్ట్జ్ దగ్గర అది 75 కిలో ఓమ్‌లవుతుంది. ఫోన్ కోసం, డీవీడీ ప్లేయర్ కోసం చేసిన ఇన్‌పుట్ సాధారణంగా 10 నుంచి 47 కిలో ఓమ్‌లే ఉంటుంది. దానికి పికప్ తగిలిస్తే పైస్వరాలు చాలావరకు పికప్ దగ్గరే ఆగిపోతాయి. అందువల్ల గిటార్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ ఉండాలి.

దీనికి ఒకే చిప్‌లో రెండు చిన్న యాంప్లిఫయర్లున్న టీఎల్072 ఐసీ చాలు. జాక్ నుంచి 10 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా ఐసీ 3వ కాలుకు వెళ్లి, ఆ కాలు నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్‌నూ, రేడియో స్టేషన్లు చొరబడకుండా 100 పికోఫారాడ్ కెపాసిటర్‌నూ కలపాలి. 1వ కాలు నుంచి 2వ కాలుకు 10 కిలో ఓమ్, 2వ కాలు నుంచి గ్రౌండ్‌కు 1 కిలో ఓమ్ పెడితే సంకేతం 11 రెట్లు పెరుగుతుంది. ఆ తరువాత బాస్, ట్రెబుల్ కంట్రోళ్లు వస్తాయి. అవి సంకేతాన్ని బాగా తగ్గిస్తాయి కనుక, ఐసీలో మిగిలిన రెండో సగంతో మళ్లీ అంతే పెంచి వాల్యూమ్ కంట్రోల్‌కు ఇవ్వాలి.

స్పీకర్‌ను నడిపే పవర్ స్టేజీకి టీడీఏ2030ఏ ఐసీ తీసుకోవాలి. చివరి 'ఏ' అక్షరం తప్పనిసరి. 12-0-12, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్5408 డయోడ్లు, 4700 మైక్రోఫారాడ్, 35 వోల్టుల కెపాసిటర్లు రెండు పెడితే లెక్క ప్రకారం గ్రౌండ్‌కు అటూ ఇటూ (ప్లస్, మైనస్) 16 వోల్టులు వస్తాయి. కానీ లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పదోవంతు ఎక్కువ ఇవ్వవచ్చు. దానికి తోడు లైన్ వోల్టేజీ 250కి ఎక్కితే ఆ 16 కాస్తా 19 దాటుతుంది. సాదా 2030కి హద్దు 18 వోల్టులు, 2030ఏకి 22. టీఎల్072కి కూడా హద్దు 18 వోల్టులే కాబట్టి దానికి 7812, 7912 రెగ్యులేటర్ల ద్వారా 12 వోల్టులే ఇవ్వాలి. 8 ఓమ్‌ల స్పీకర్ మీద సుమారు 10 వాట్లు వస్తాయి. ఇంట్లో వాయించుకోవడానికి అది ఎక్కువే. విడిభాగాలు ఊళ్లో దొరకకపోతే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాలి.

టీడీఏ2030ఏ ఐసీ లోహపు వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌కు (వేడిని లాగేసే లోహపు రేకుకు) బిగించేటప్పుడు మైకా రేకు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ లేకపోతే మైనస్ సప్లై నేరుగా ఛాసీకి (యాంప్లిఫయర్ లోహపు చట్రానికి) షార్టవుతుంది. బిగించాక మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి ఐసీ వీపుకూ ఛాసీకీ నడుమ చూడాలి, మోగకూడదు. నల్లగొండ ఎండల్లో గది వేడే 40 డిగ్రీలు దాటుతుంది కనుక హీట్‌సింక్‌ను పెట్టె లోపల కాక, వెనుక వైపు గాలి తగిలేలా బయట బిగించడం మేలు.

230 వోల్టుల వైపు పని అలవాటు లేనివారు ఆ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్, ఫేజు మీద స్విచ్, అర ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు ఉండాలి. ఎర్త్ వైరును ఛాసీకి దానికంటూ కేటాయించిన బోల్టుతోనే బిగించాలి. వాయించేవారి వేళ్లు ఇనుప తీగల మీద, ఆ తీగలు ఛాసీకి కలిసి ఉంటాయన్నది గుర్తుంచుకుంటే ఎర్త్ లేని ఇంటి సాకెట్‌కు ప్లగ్ పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇక స్పీకర్. గిటార్ కోసం చేసిన 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటగానే తనంతట తానే తగ్గిపోతుంది. డీజే బాక్సుల్లోని ట్వీటర్, హారన్ దీనికి పనికిరావు. డిస్టార్షన్ (స్వరాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టగానే అవి కందిరీగల తుట్టెలా రొద చేస్తాయి. హోమ్ థియేటర్ వూఫర్ సున్నితత్వం (ఒక వాట్‌కు ఇచ్చే శబ్దం) 87 డెసిబెల్స్, గిటార్ స్పీకర్‌ది 97 అనుకుంటే, ఆ పది డెసిబెల్స్ తేడా పూడ్చడానికి పది రెట్ల పవర్ కావాలి. 10 వాట్ల యాంప్లిఫయర్‌ను గట్టిగా పలికించేది స్పీకరే.

డబ్బాకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని 20 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు, పదిన్నర లోతు ఉండేలా వడ్ల మేస్త్రీతో కోయించాలి. స్పీకర్ రంధ్రాన్ని కాగితం మీది కొలతతో కాక, చేతిలో ఉన్న స్పీకర్ ఫ్రేమును కొలిచి గీయాలి. మూలల్లో లోపలి వైపు చెక్క పట్టీలు పెట్టి ఫెవికాల్, స్క్రూలు రెండూ వాడాలి. వెనుక పలకలో మధ్య మూడోవంతు తెరిచి ఉంచితే వెనుక గాలి ముందరి గాలిని కింది స్వరాల దగ్గర కొంత రద్దు చేస్తుంది. 82 హెర్ట్జ్ దగ్గర ఉండే లావు తీగ గుమ్మనే మోత తగ్గి స్వరం విప్పారుతుంది. పైన అతికించే రెక్సిన్ ఆటో సీట్లు కుట్టే దుకాణంలో దొరుకుతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు స్పీకర్ తగిలించకుండా, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఫేజు వైరుకు వరుసలో కలిసిన సీరీస్ బోర్డు ద్వారా ఇవ్వాలి. కెపాసిటర్లు నిండేదాకా బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే క్షేమం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజీ 50 మిల్లీవోల్టుల లోపు ఉన్నాకే స్పీకర్ కలపాలి.

చివరకు హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) మిగిలితే వాల్యూమ్ సున్నా చేసి వినాలి. అప్పటికీ 100 హెర్ట్జ్ గుర్రు వినిపిస్తుంటే 4700 మైక్రోఫారాడ్ ఫిల్టర్ కెపాసిటర్లను, గ్రౌండ్ వైర్లన్నీ వాటి మధ్య బిందువు దగ్గరే కలిశాయా లేదా అన్నదాన్ని చూడాలి. వాల్యూమ్‌తో పాటు పెరిగే 50 హెర్ట్జ్ అయితే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ జాక్‌కు దూరంగా తిప్పి పెట్టి చూడాలి. బోరు మోటారు స్టార్టర్ పడిన ప్రతిసారీ టప్పుమంటే, ఫ్యూజు తరువాత ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ 0.1 మైక్రోఫారాడ్, 275 వోల్టుల ఎక్స్2 రకం కెపాసిటర్ పెట్టడంతో ఆ చప్పుడు చాలావరకు తగ్గుతుంది.