జెన్ కాన్‌కు వెళ్లేవారికి జాగ్రత్తలు: ఆదివారం రాత్రి స్టీరింగు పట్టుకోకండి

జెన్ కాన్ అంటే అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో ఏటా గురువారం నుంచి ఆదివారం దాకా జరిగే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల ఉత్సవం. నిరుడు అది ముగిసిన ఆదివారం రాత్రి, అక్కడి నుంచి షికాగోకు తిరిగి వెళుతున్న నలుగురు తెలుగు విద్యార్థుల కారు లఫాయెట్ ఊరు దాటిన తరువాత ఐ-65 రహదారి అంచు దిగి, రెండు దారుల మధ్యనున్న గడ్డి పల్లంలోకి దూసుకుపోయింది. ప్రాణాలు దక్కాయి. నడుపుతున్న అబ్బాయికి భుజం ఎముక విరిగింది, వెనుక కూర్చున్న అబ్బాయి ఒక సెమిస్టరు వదులుకోవలసి వచ్చింది, కారు అద్దెకిచ్చినవారు పంపిన బిల్లు వ్యవహారం ఇంకా తేలలేదు. వారిలో ఎవరూ తాగలేదు. వేగ పరిమితి దాటలేదు. ఆ రాత్రి వాన కూడా లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తులే కనబడలేదని పోలీసులు చెప్పారు.

ఈ ఏడు వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. నీళ్లు తాగండి, మెత్తటి బూట్లు వేసుకోండి, ఫోను చార్జరు మరవకండి వంటివి అందరికీ తెలిసినవే గనుక వాటిని వదిలేస్తున్నాను. నేను చూసినంతలో ఈ ఉత్సవానికి వెళ్లినవారిని నిజంగా దెబ్బతీసిన తప్పు ఒక్కటే ఉంది: నాలుగు రోజులు నిద్ర మానుకుని, ఆఖరి రోజు రాత్రి కారు నడపడం. దీన్ని మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

మే నెలలోనే పడే బీజం

1968లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, తరువాతి కాలంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ ఒక హాలు అద్దెకు తీసుకుని మొదలుపెట్టిన సమావేశం ఇది. 2003 నుంచి ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. 2024లో 70,000 మందికి పైగా వచ్చారు. కన్వెన్షన్ సెంటర్ చాలక, ఆటలు పక్కనున్న హోటళ్ల బాల్‌రూముల్లోకీ లూకాస్ ఆయిల్ స్టేడియంలోకీ పాకాయి. అర్ధరాత్రి దాటినా ఏదో ఒక బల్ల దగ్గర పాచికలు దొర్లుతూనే ఉంటాయి. ఇక వెళ్లి పడుకోండని చెప్పేవారు ఎవరూ ఉండరు.

జూలై చివరనో ఆగస్టు మొదటనో జరిగే ఈ ఉత్సవానికి ఆటల టికెట్లు మే నెలలోనే ఇస్తారు. దొరుకుతాయో దొరకవో అన్న ఆత్రంతో కొత్తవారు గురువారం ఉదయం 8 గంటల ఆట మొదలుకొని శనివారం అర్ధరాత్రి ఆట దాకా ఖాళీ లేకుండా పేర్చుకుంటారు. నాలుగు గంటలని రాసి ఉన్న ఆట నాలుగు గంటల్లో ముగియడం అరుదు. కథలో తన పాత్ర డ్రాగన్ ఎదుట నిలబడ్డాక, తన వంతు వచ్చేలోపు బల్ల దగ్గర నుంచి లేచిపోయిన ఆటగాణ్ణి నేనింతవరకు చూడలేదు. పైగా డౌన్‌టౌన్ హోటల్ గదులకు వరుస లాటరీ పద్ధతిలో వస్తుంది గనుక చాలామందికి అక్కడ గది దొరకదు, ఎయిర్‌పోర్టు వైపో ఉత్తర శివార్లలోనో దిగవలసి వస్తుంది. రాత్రి ఒంటిగంటకు ఆట ముగించి, పార్కింగ్ గ్యారేజీలో కారు వెతుక్కుని, అరగంట నడుపుకుంటూ గదికి చేరి, స్నానం చేసి పడుకునేసరికి రెండున్నర అవుతుంది. ఉదయం 8 గంటల ఆటకు ఆరున్నరకే లేవాలి. ఈ లెక్క మే నెలలో ఎవరూ వేయరు.

అందుచేత టికెట్లు కొనేటప్పుడే రోజుకు రెండు పెద్ద ఆటలకు మించి పెట్టుకోకండి. రాత్రి ఆట ఉన్న మరునాడు ఉదయం ఆట వద్దు. శనివారం రాత్రి ఆట అసలే వద్దు. తక్కువ కొన్నామన్న బెంగ అక్కరలేదు. జెనరిక్ టికెట్లు (ఏ ఆటకైనా చెల్లేవి) కొన్ని దగ్గర ఉంచుకుంటే, ఎవరో రాక ఖాళీగా మిగిలిన కుర్చీలో కూర్చోవచ్చు. నా ఉద్దేశంలో మంచి ఆటలు చాలావరకు అలా దొరికినవే.

నిద్ర బాకీ

ఇలాంటి ఉత్సవాలకు అలవాటుపడినవారు 6-2-1 అని ఒక నియమం చెప్పుకుంటారు: రోజుకు ఆరు గంటల నిద్ర, రెండు పూటల సరైన భోజనం, ఒక స్నానం. ఇందులో స్నానం గురించే అందరూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు, ఆరు గంటల నిద్రను ఎవరూ పట్టించుకోరు. శివరాత్రి జాగారం చేసినవాడు మరునాడు ఇంట్లో పడుకుంటాడు. ఇక్కడ వరుసగా మూడు రాత్రులు అరకొర జాగారం చేసినవాడు నాలుగో రాత్రి స్టీరింగు వెనుక కూర్చుంటాడు.

పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి, ఇరవై నాలుగు గంటలు మేలుకుని ఉంటే 0.10 శాతం ఉన్నవాడి స్థాయికి దిగజారుతుందని అమెరికా ఆరోగ్య సంస్థలు హెచ్చరిస్తాయి. ఇండియానాలో తాగి నడిపినవారిని పట్టుకునే హద్దు 0.08. నిద్ర ఒక్క రాత్రి పూర్తిగా మానకపోయినా, రోజూ నాలుగు గంటలే పడుకుంటూ పోతే ఆ బాకీ పేరుకుని అదే స్థితి వస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి ఏమిటంటే, అలా పేరుకున్నప్పుడు తాను ఎంత మందగించాడో మనిషికి తెలియదు. ‘‘నాకేం నిద్ర రావడం లేదు, బాగానే ఉన్నాను’’ అనే మాట అబద్ధమని కాదు. ఆ సంగతి తేల్చవలసిన మెదడే అలసిపోయి ఉంటుంది గనుక ఆ మాటకు విలువ లేదని.

గంటకు 70 మైళ్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప వాలితే కారు దాదాపు 410 అడుగులు నడిపేవాడు లేకుండా వెళుతుంది.

ఆదివారం సాయంత్రం ఎలా గడుస్తుందో చూడండి. నాలుగు గంటలకు ప్రదర్శనశాల మూస్తారు. కొన్న పుస్తకాలూ బొమ్మలూ డిక్కీలో సర్దడం, వీడ్కోళ్లు, ఫొటోలు అయ్యేసరికి ఆరు దాటుతుంది. ఊరు వదిలే ముందు శివార్లలోని ఇండియన్ హోటల్‌లో కడుపునిండా బిర్యానీ తింటారు. ఎనిమిదిన్నరకు బయలుదేరతారు. ఇండియానాపొలిస్ తూర్పు కాలమానంలో, షికాగో మధ్య కాలమానంలో ఉన్నాయి గనుక ‘‘మనకు గంట కలిసొస్తుంది’’ అని ఒకరు తప్పక అంటారు. గడియారంలో కలిసొచ్చిన ఆ గంటను ఎవరూ నిద్రపోయి ఉండరు. షికాగో 180 మైళ్లు, మూడు గంటల దారి. వెనుక సీటులోవారు లెబనాన్ ఊరు రాకముందే పడుకుంటారు. లఫాయెట్ దాటాక రోడ్డు చదునుగా, తిన్నగా, రెండు వైపులా మొక్కజొన్న చేలతో సాగుతుంది. బ్రూక్‌స్టన్, చాల్మర్స్ ప్రాంతంలో మెడో లేక్ గాలిమరలు వస్తాయి. చీకట్లో మరలు కనబడవు, వాటి నెత్తిన ఉన్న ఎర్రదీపాలు మాత్రం దిగంతం పొడవునా అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంటాయి. అలసిన మనిషిని జోకొట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నిరుడు ఆ కారు పల్లంలో దిగినది ఈ ప్రాంతంలోనే.

కొలంబస్ వైపు ఐ-70 మీద వెళ్లేవారికీ, సెయింట్ లూయిస్ వైపు వెళ్లేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఆదివారం రాత్రి ఇండియానాపొలిస్‌లోనే ఆగండి. గురువారం, శుక్రవారం, శనివారం రాత్రులకు దొరకని గదులు, జనం వెళ్లిపోయాక ఆదివారం రాత్రికి సాధారణంగా దొరుకుతాయి, తక్కువ ధరకే దొరుకుతాయి. సోమవారం క్లాసో ఆఫీసో ఉందంటారా, ఆ సెలవు కూడా మే నెలలోనే పెట్టుకోండి.

అద్దె కారు

దీని గురించి విద్యార్థులకు ఎవరూ సరిగా చెప్పరు. అద్దె పత్రంలో పేరున్న డ్రైవరు తప్ప ఇంకొకరు కారు నడిపితే, మీరు అదనంగా డబ్బు కట్టి తీసుకున్న నష్ట రక్షణ సాధారణంగా చెల్లదు. ‘‘నాకు నిద్రొస్తోంది, కాసేపు నువ్వు పట్టు’’ అని దారిలో స్టీరింగు మార్చుకోవడం మనుషుల క్షేమానికి మంచిదే కావచ్చు, కానీ పత్రంలో పేరు లేనివాడి చేతిలో ప్రమాదం జరిగితే కారు మొత్తం విలువ మీ నెత్తిన పడవచ్చు. ఆ భయంతోనే పేరున్న ఒక్కడు నిద్రమత్తులోనూ దిగకుండా నడుపుతూ పోతాడు. నిరుడు జరిగింది సరిగ్గా అదే. కాబట్టి కారు తీసుకునే రోజే ఇద్దరి పేర్లు రాయించండి. 25 ఏళ్లలోపు వారికి అదనపు రుసుము పడుతుంది, పడనివ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు ఆదివారం నాటి ఆటలన్నీ మానుకుని గదిలో పడుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి.

మిగతావి, క్లుప్తంగా

దొంగతనాలు జరుగుతాయి. 2023లో ఉత్సవం తలుపులు తెరవకముందే, దాదాపు మూడు లక్షల డాలర్ల విలువైన ఆట కార్డుల సరుకును ప్యాలెట్ బండి మీద పెట్టుకుని దర్జాగా తోసుకుపోయారు. అంత సరుకు పోయినచోట మీ వీపుసంచి ఎంత! బల్ల కింద వదిలి ఆటలో మునిగిపోకండి.

జబ్బులు వ్యాపిస్తాయి. 2009 సెప్టెంబరులో సియాటిల్‌లో జరిగిన పాక్స్ అనే ఆటల ఉత్సవం తరువాత వందమంది దాకా స్వైన్ ఫ్లూ బారిన పడ్డారు. ఆరుగురు ఒకే బల్ల చుట్టూ నాలుగు గంటలు అరుచుకుంటూ, ఒకరి పాచికలు ఒకరు వేస్తూ కూర్చునే చోట మాస్కు పెట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. జలుబు చేస్తే వేసుకునే మాత్ర పెట్టె మీద ఏముందో చదవండి: డైఫెన్‌హైడ్రమిన్ లేదా డాక్సిలమిన్ ఉన్న మందు నిద్ర తెప్పిస్తుంది, అది వేసుకున్నవారు ఆ రోజు కారు ముట్టకూడదు.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి ఒక మాట. నిర్ణీత గంటలు ఆట నడిపించిన గేమ్ మాస్టర్లకు బ్యాడ్జ్ (ప్రవేశపత్రం) సొమ్ము తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. అది మీ వీసా నిబంధనల ప్రకారం ప్రతిఫలం కిందికి వస్తుందో రాదో మీ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకున్న తరువాతే ఒప్పుకోండి. స్నేహితుల మాట మీద ఒప్పుకోకండి.

ఆటల్లోని పాత్రల వేషం వేసుకుని, దానితో పాటు కత్తో గొడ్డలో తీసుకెళ్లేవారు ఆ ఏటి ఆయుధ నిబంధనలు చదవండి. లోహపు కత్తి ఇంట్లో ఉంచండి.

బ్యాడ్జ్ మెడలోనే ఉండాలి. దాన్ని ఫొటో తీసి అందరికీ పంపకండి.

ఇక వరుసగా చెబుతున్నాను, పాటించండి.

శనివారం రాత్రి ఎనిమిది గంటలు పడుకోని మనిషి ఆదివారం కారు నడపకూడదు.

కాఫీని నమ్ముకోకండి. అది పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది, పనిచేసినా తీరని నిద్రను తీర్చదు.

అద్దం దించుకోవడం, పాటలు గట్టిగా పెట్టుకోవడం, చెంపలు వాయించుకోవడం, పచ్చిమిర్చి కొరకడం: ఇవేవీ మెలకువ కావు.

ముందు సీటులో కూర్చున్నవారు నిద్రపోకూడదు. మెలకువగా ఉండలేనివారు వెనక్కి వెళ్లాలి, ఉండగలిగినవారు ముందుకు రావాలి.

బయలుదేరే ముందు బిర్యానీ వద్దు.

ఒంటరిగా వచ్చినవారు ఆదివారం రాత్రి కారెక్కనే వద్దు. వారిని లేపడానికి పక్కన ఎవరూ ఉండరు.

అక్కడ ఆదివారం రాత్రి పది గంటలంటే ఆంధ్ర, తెలంగాణల్లో సోమవారం ఉదయం ఏడున్నర. ఎక్కడిదాకా వచ్చావని ఇంటి నుంచి ఫోను వచ్చే వేళ అది. సోమవారం పగలే బయలుదేరతానని అమ్మానాన్నలకు ముందే చెప్పండి. వారు కంగారుపడతారని రాత్రికి రాత్రే ఇల్లు చేరాలని చూడకండి.

‘‘ఇంకో గంటే కదా’’ అన్న మాట కారులో ఎవరి నోట వచ్చినా వెంటనే ఆపండి. ఆ మాట వచ్చిందంటే నిద్ర వచ్చినట్టే.

మూడు రాత్రుల నిద్ర బాకీతో ఎవరూ నడపకూడదు. పదేళ్లుగా నడుపుతున్నవారైనా సరే, లారీ నడిపిన అనుభవం ఉన్నవారైనా సరే.

ఆవులింతలు ఆగకపోతే, దాటిన ఎగ్జిట్ ఏదో గుర్తులేకపోతే, రోడ్డు అంచున చెక్కిన గాడుల మీద చక్రం ఎక్కి గర్రుమన్న చప్పుడు ఒక్కసారి వినబడితే, మీరు అప్పటికే ఒకసారి నిద్రపోయి లేచారు. రెండోసారి కోసం ఎదురుచూడకండి.

వచ్చే ఎగ్జిట్‌లోనే దిగండి. హైవే పక్క షోల్డర్ మీద ఆపకండి, వెనుక నుంచి ట్రక్కులు గుద్దుతాయి. దీపాలున్న పెట్రోలు బంకులో ఆపి, తలుపులు లాక్ చేసుకుని ఇరవై నిమిషాలు పడుకోండి.

ఆ ఇరవై నిమిషాలు మిమ్మల్ని దగ్గరలోని హోటల్ దాకా చేర్చడానికి మాత్రమే, షికాగో దాకా కాదు. లఫాయెట్‌లో ఎగ్జిట్ పక్కనే హోటళ్లు ఉన్నాయి. వంద డాలర్లో నూటయాభయ్యో అవుతుంది, నలుగురూ పంచుకోండి.