చెక్క భజనకు ఎస్‌పి-1200 గరుకు: పికో బోర్డుతో చేసుకునే పద్ధతి

ఎస్‌పి-1200 ఒక పాత శాంప్లర్, అంటే శబ్దాన్ని రికార్డు చేసుకుని మళ్లీ వాయించే మిషన్. దాని గరుకుదనం అనగానే అందరికీ 12 బిట్లే గుర్తొస్తాయి. కంప్యూటర్లో బిట్‌క్రషర్ (బిట్లు తగ్గించే) ప్లగిన్ వేసి, 12 దగ్గర పెట్టి, "ఏం తేడా లేదే" అని వదిలేస్తారు. ఉండదు మరి. 12 బిట్లంటే 4096 మెట్లు, 72 డెసిబెల్స్; మామూలు క్యాసెట్ కంటే శుభ్రం. ఎమ్యూ 1987లో తెచ్చిన ఆ మిషన్ రుచంతా వేరే చోట ఉంది. ఒకటి 26.04 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అంటే సెకనుకు 26,040 కొలతలు; ఒక్కో కొలతనీ, మొత్తం రికార్డు ముక్కనీ కూడా శాంపిల్ అనే అంటారు. రెండోది శ్రుతి దించేటప్పుడు శాంపిళ్లను నున్నగా కలపకుండా ఉన్నవాటినే మళ్లీ మళ్లీ వదలడం. మూడోది ఏ అవుట్‌పుట్‌కి ఏ ఫిల్టర్ ఉందన్నది: 1, 2కి కదిలే ఫిల్టర్, 3 నుంచి 6 వరకు స్థిరమైన ఫిల్టర్, 7, 8కి అసలు ఫిల్టరే లేదు. కదిలే ఫిల్టర్ సంగతి ఇక్కడ వదిలేద్దాం. మిగతావి ఒక రాస్‌బెర్రీ పై పికో (కోడ్ నడిపే చిన్న బోర్డు), అంకెలను వోల్టేజీగా మార్చే ఒక డ్యాక్ చిప్, ఫిల్టర్ కట్టడానికి ఒక ఆప్-ఆంప్ చిప్‌తో వచ్చేస్తాయి.

దీనికి మన వైపు శబ్దాలు భలే సరిపోతాయి. చెక్క భజనలో చెక్కల గలగల పైస్థాయి శబ్దం కాబట్టి గరుకు వెంటనే వినబడుతుంది. అనంతపురం ఉరుములో గుర్రుమనే మూలుగు శ్రుతి దించితే ఇంకా బరువెక్కుతుంది. ఫోన్ రికార్డింగ్ చాలు. జాతర మధ్యలో కాదు, ఒక్క వాయిద్యాన్ని అడుగున్నర దూరం నుంచి తీయండి.

శాంపిల్ తయారీ

అప్పట్లో ఒక్కో శాంపిల్‌కి దొరికేది గరిష్ఠంగా 2.5 సెకన్లు, మొత్తం మెమరీ 10 సెకన్లు. అందుకే 33 స్పీడు రికార్డును 45లో తిప్పి ఎక్కించి, తర్వాత మిషన్లో శ్రుతి దించేవాళ్లు. చోటు మిగుల్చుకోవడానికి చేసిన ఆ పనే ఇప్పుడు మనకు కావాల్సిన రుచి. ఆడాసిటీలో వేగాన్ని 1.35 రెట్లు చేయండి, శ్రుతి కూడా పెరగాలి. "టెంపో" మార్చే ఆప్షన్ జోలికి పోవద్దు. అలా చేస్తే 2.5 సెకన్లలో దాదాపు 3.4 సెకన్ల అసలు శబ్దం పడుతుంది.

తర్వాత మోనో చేసి, 26040కి రీశాంపిల్ చేసి, పీక్ మైనస్ 1 డెసిబెల్‌కి తెచ్చి, డిథర్ (బిట్లు కుదించేటప్పుడు కలిపే సన్నని హిస్సు) ఆపేసి 16 బిట్లలో సేవ్ చేయండి. కోడ్‌లో 4 బిట్లు కుడికి జరిపి, 2048 కలిపితే 12 బిట్లు అవుతాయి. పీక్ 12 డెసిబెల్స్ తక్కువ ఉంటే రెండు బిట్లు వృథా. మీకు వినబడేది 10 బిట్ల హిస్సు. రీశాంప్లింగ్ మాత్రం మంచి నాణ్యతతోనే చేయండి. పాత మిషన్‌లో ఇన్‌పుట్ వైపు ఫిల్టర్ ఉండేది, గరుకంతా ప్లేబ్యాక్‌లో పుట్టేది. ఇక్కడే శబ్దాన్ని పాడుచేస్తే తర్వాత బాగయ్యేది ఏమీ ఉండదు.

పికోలో ఉన్న ఏడీసీతో (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగంతో) నేరుగా రికార్డు చేద్దామనిపిస్తుంది. పేరుకి 12 బిట్లు, పనికి 9 కూడా రావు. ఫైల్‌గానే ఎక్కించండి.

డ్యాక్

ఎంసీపీ4921, డిప్ ప్యాకేజీ. చిప్ 1వ పిన్ 3.3 వోల్టులకు, 7 గ్రౌండుకి, 5 (ఎల్‌డ్యాక్) కూడా గ్రౌండుకే. 2ను పికో జీపీ17కి, 3ను జీపీ18కి, 4ను జీపీ19కి కలపండి. 6 రిఫరెన్సు: 3.3 వోల్టుల నుంచి 100 ఓమ్స్ మీదుగా, గ్రౌండుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో. అవుట్‌పుట్ 8వ పిన్. పంపే 16 బిట్లలో పై నాలుగు 0011. ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడూ 2048 పంపుతూ ఉండాలి, లేకపోతే ప్రతి శాంపిల్‌కి ముందు స్పీకర్ దబ్బుమంటుంది.

వెనక సన్నని కూత వస్తే అది పికో రెగ్యులేటర్‌ది. మామూలు పికోలో జీపీ23ని హైలో పెడితే తగ్గుతుంది. పికో డబ్ల్యూలో ఆ పిన్ వైఫైకి పోయింది, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

గడియారం, శ్రుతి

మైక్రోసెకన్ల టైమర్ వాడకండి. ఒక కొలతకీ మరో కొలతకీ మధ్య కావాల్సింది 38.4 మైక్రోసెకన్లు, అది ఇచ్చేది 38. శ్రుతి 18 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి పోతుంది, హార్మోనియంతో కలవదు. పీడబ్ల్యూఎం ఇంటరప్ట్ (లెక్క పూర్తయిన ప్రతిసారీ కోడ్‌ని పిలిచే చిప్‌లోని కౌంటర్) వాడండి: 125 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 4800తో భాగిస్తే 26041.67, అంటే రాప్ విలువ (కౌంటర్ తిరిగి సున్నాకి వెళ్లే ముందు అంకె) 4799. పికో 2లో 150 మెగాహెర్ట్జ్ కాబట్టి 5760తో భాగించాలి, రాప్ 5759. మైక్రోపైథాన్ ఈ వేగాన్ని అందుకోలేదు, సీ లోనే రాయాలి. శాంపిల్‌ని ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి తెచ్చుకున్నాకే వాయించండి. 2.5 సెకన్లకు 1,30,200 బైట్లు. 264 కిలోబైట్లలో రెండోది కూడా పెడితే కోడ్‌కి చోటుండదు.

ఇక అసలు విషయం. కౌంటర్‌లో 65536 అంటే ఒక పూర్తి శాంపిల్ అడుగు; దాన్ని 1.35తో భాగిస్తే 48545. ప్రతి ఇంటరప్ట్‌లో కౌంటర్‌కి ఈ 48545ని కలుపుతూ, 16 బిట్లు కుడికి జరిపిన స్థానంలో ఉన్న శాంపిల్‌ని అలాగే పంపండి. పోయే వరుస ఇలా ఉంటుంది: 0, 0, 1, 2, 2, 3, 4, 5, 5, 6, 7, 8, 8. రెండుసార్లు వచ్చినవి చూశారా, 27 అడుగులకు 7 అలాంటివి. చెక్కల గలగలకి ఇసుక రాలినట్టు ఒక అంచు వచ్చేది వీటివల్లే. "బాగుంటుంది కదా" అని ఇంటర్‌పొలేషన్ (పక్క శాంపిళ్ల మధ్య విలువను లెక్కగట్టి నున్నగా చేయడం) పెట్టారో, చేసిన పనంతా బూడిదలో పోసినట్టే.

ఫిల్టర్

డ్యాక్ నుంచి రెండు దారులు. మొదటిది 10 మైక్రోఫారడ్, 1 కిలో ఓమ్ మీదుగా నేరుగా జాక్‌కి. ఇది 7, 8 అవుట్‌పుట్ల లాంటిది, చెక్కలకు, గజ్జెలకు. రెండోది ఉరుముకి, డప్పుకి: టీఎల్072 ఆప్-ఆంప్‌తో నాలుగు పోల్స్ సాలెన్-కీ, అంటే పైస్థాయి శబ్దాన్ని రెండు దశల్లో కోసే ఫిల్టర్. రెసిస్టర్లు నాలుగూ 10 కిలో ఓమ్స్. మొదటి దశలో ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ 1.8 నానోఫారడ్, గ్రౌండుకి 1.5, రెండో దశలో 3.9 నానోఫారడ్, 680 పికోఫారడ్. కటాఫ్ 9.7 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. రెండో దశలో ఆ రెండూ తారుమారైతే శబ్దం దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది.

టీఎల్072ని 5 వోల్టులకు పెట్టి నేరుగా డ్యాక్‌కి కలిపితే తరంగం కింది భాగం చితికిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీ వాడి, డ్యాక్ తర్వాత 1 మైక్రోఫారడ్ పెట్టి, రెండు 100 కిలో ఓమ్స్‌తో 4.5 వోల్టులకు బయాస్ చేయండి. గ్రౌండు ఉమ్మడిగా ఉండాలి. చివర 10 మైక్రోఫారడ్, 10 కిలో వాల్యూమ్ పాట్. కర్నూలులోనో కడపలోనో రేడియో రిపేరు షాపులో టీఎల్072 లేదని 4558 ఇస్తే తీసుకోండి, కాళ్లు అవే, పని నడుస్తుంది. డ్యాక్ మాత్రం ఆన్‌లైన్‌లోనే. కెపాసిటర్లు పాలిస్టర్‌వి అడగండి. చవక సిరామిక్ బిళ్లలు మన ఎండలకు విలువ మారిపోతాయి.

కరెంటు పోతుందని పికోని పవర్ బ్యాంకు మీద పెడితే, లోడ్ చాలక చాలా పవర్ బ్యాంకులు అర నిమిషంలో ఆరిపోతాయి. 5 వోల్టులకు అడ్డంగా 100 ఓమ్స్, అర వాట్ రెసిస్టర్ పెడితే 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, చాలావాటిలో నిలబడుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చెవితో తేల్చకండి. 8 కిలోహెర్ట్జ్ టోన్‌ని శ్రుతి మార్చకుండా వాయించి, రెండు జాక్‌లనూ కంప్యూటర్లో స్పెక్ట్రమ్‌లో చూడండి. నేరు దారిలో 18.04 కిలోహెర్ట్జ్ దగ్గర (26.04లోంచి 8 తీస్తే) దాని నీడ స్పష్టంగా నిలబడాలి. ఫిల్టర్ దారిలో అదే నీడ 20 డెసిబెల్స్‌కు పైగా కుంగాలి. నేరు దారిలోనే నీడ కనబడకపోతే జాక్‌లు తారుమారయ్యాయో, ఆ దారిలో ఎక్కడో ఫిల్టర్ అడ్డుపడుతోందో, వెతకండి.