జీపీఎస్ ప్రతిఫలనాల్లో సముద్రపు మంచు – 4వ పాఠం: తోకను కొలవడం

పోయిన పాఠంలో డీలే-డాప్లర్ మ్యాప్ (ప్రతిఫలించిన సిగ్నల్ ఎంత ఆలస్యంతో, ఎంత ఫ్రీక్వెన్సీ మార్పుతో, ఎంత బలంగా వచ్చిందో చూపే పటం) తెరిచి, అన్నిటికంటే ప్రకాశంగా ఉన్న గడిని పట్టుకున్నాం. ఆ గడి దగ్గర సిగ్నల్ ఒక్కసారిగా ఆగిపోదు, కొంతదూరం తోకలా సాగుతుంది. కింద ఉన్నది నీళ్లా, మంచా అని చెప్పేది ఆ తోకే. ఈసారి దాన్ని కొలుద్దాం.

మన డేటా టెక్‌డెమోశాట్-1 అనే బ్రిటిష్ ఉపగ్రహానిది. 2014 జులైలో పైకి వెళ్లింది. సుమారు 635 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, సముద్రాన్ని తాకి పైకి లేచిన జీపీఎస్ సిగ్నల్‌ను పట్టుకునేది. ఇదే పని చేసే నాసా ఉపగ్రహాల గుంపు సైగ్నస్ డేటా చేతిలో ఉన్నా ఇక్కడ పనికిరాదు. ఆ ఎనిమిది ఉపగ్రహాల కక్ష్య వంపు 35 డిగ్రీలే కాబట్టి అవి ఆర్కిటిక్ దాకా చూడలేవు.

కొత్తవాళ్లందరూ ముందు ప్రకాశాన్నే నమ్ముతారు. నిటారుగా పడిన జీపీఎస్ సిగ్నల్‌లో ఉప్పునీరు దాదాపు 60 శాతాన్ని తిప్పి పంపుతుంది, మంచు మహా అయితే 10 శాతం. ఆ లెక్కన మంచు మసకగా కనిపించాలి. కానీ మ్యాప్‌లో శిఖరం, అంటే అన్నిటికంటే ప్రకాశమైన గడి, చాలాసార్లు మంచు మీదే ఎత్తుగా ఉంటుంది! దీనికి కారణం నునుపు. సిగ్నల్ తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు. గాలికి లేచిన అలలు అంతకంటే ఎత్తు, అందుకే సిగ్నల్ పదుల కిలోమీటర్ల మేర చెదిరిపోతుంది. 19 సెంటీమీటర్ల సిగ్నల్‌కు పలచని మంచు పలక అద్దంతో సమానం. ప్రతిఫలనం మొత్తం సుమారు 700 మీటర్ల వెడల్పున్న చోటు నుంచే వస్తుంది. పున్నమి చంద్రుడు కదలని చెరువులో గుండ్రంగా కనిపించి, సముద్రం మీద పొడుగు చారగా సాగేది కూడా ఇందుకే. ఆ చారలో దూరపు బిందువుల నుంచి వచ్చే సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది. మ్యాప్‌లో తోక అదే.

ఇప్పుడు పెన్ను తీయండి. జీపీఎస్ కోడ్‌లో ఒక్కో చిన్న ముక్కను చిప్ అంటారు, దాని పొడవు 293 మీటర్లు. మ్యాప్‌లో ఒక వరుస అంటే సుమారు పావు చిప్ ఆలస్యం. అద్దంలాంటి ఉపరితలమైతే, శిఖరం నుంచి d చిప్‌ల దూరంలో బలం (1−d)². పావు చిప్ చొప్పున లెక్కిస్తే 1, 0.56, 0.25, 0.06, 0. కూడితే 1.87. మంచుకు ఇదే కొలబద్ద. గాలి ఉన్న సముద్రానికి అభ్యాసం కోసం ఈ అంకెలు తీసుకుందాం: 1, 0.90, 0.78, 0.67, 0.58. మొత్తం 3.93. తేడా కళ్లకు కట్టినట్టుంది కదా.

కూడే ముందు నాయిస్, అంటే ప్రతిఫలనం లేకపోయినా రిసీవర్‌లో ఉండే అంకె, తీసేయాలి. నేను మొదట్లో ఇది వదిలేశాను. మంచని తెలిసిన చోటంతా నీళ్లని వస్తుంటే రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఉదాహరణకు ఒక బలహీనమైన మ్యాప్‌లో 60, 42, 30, 22, 20 ఉన్నాయనుకోండి. నేరుగా శిఖరంతో భాగించి కూడితే 2.9, ఎటూ తేలదు. శిఖరానికి ముందు, ప్రతిఫలనం ఇంకా చేరని వరుసల సగటు 20. దాన్ని తీసేస్తే 40, 22, 10, 2, 0. ఇప్పుడు మొత్తం 1.85. అచ్చంగా మంచు.

థ్రెషోల్డ్, అంటే మంచును నీటినుంచి విడదీసే గీత, ఎక్కడ పెట్టాలో ఊహించొద్దు. మైక్రోవేవ్ రేడియోమీటర్ల (సముద్రం సహజంగా వెలువరించే మైక్రోవేవ్‌లను కొలిచే పరికరాల) మంచు పటాల్లో ఒక గడిలో 15 శాతం కంటే ఎక్కువ భాగాన్ని మంచు కప్పితే అక్కడ మంచు ఉన్నట్టుగా లెక్క వేయడం వాడుక. అలా ముందే తెలిసిన చోట్ల మీ మొత్తాలు కట్టి, రెండు గుంపులు ఎక్కడ విడిపోతున్నాయో చూసి గీత గీయండి.

ఒక చోట మాత్రం ఈ పద్ధతి మోసపోతుంది. గాలి లేని నీరూ అద్దమే. మంచు పలకల మధ్య పగుళ్లలో నీరు తరచూ అలాగే ఉంటుంది. మ్యాప్ సెకనుకొకటి వస్తుంది, ఆ సెకనులో ప్రతిఫలన బిందువు సుమారు 6 కిలోమీటర్లు జరుగుతుంది. కాబట్టి అటూ ఇటూ ఉన్న మ్యాప్‌లు కూడా చూడాలి. పొడుగు తోకల నడుమ ఒక్కటే పొట్టిగా ఉంటే వెంటనే మంచు అని రాసేయకుండా, ఆ రోజు గాలి వేగం చూడండి.

అభ్యాసం: నాయిస్ 35. మొదటి మ్యాప్ 95, 88, 79, 71, 64. రెండోది 88, 66, 47, 37, 35. మూడోది మళ్లీ మొదటిదానిలాగే. రెండోదాన్ని మీరేమంటారు, ఎందుకు? లెక్కతో సహా రాసి పెట్టుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.