సుస్థిర అభివృద్ధి సూచీ చదవడం, 4వ పాఠం: 138 ఎలా వచ్చింది?

నీతి ఆయోగ్ దేశానికీ రాష్ట్రాలకీ వందకి మార్కులిచ్చే ఈ సూచీలో, మాతా మరణాలకి దేశానికి ఎంత మార్కో కట్టమని పోయినసారి లెక్క ఇచ్చాను. దానికి చాలామంది 138 చిల్లర అని రాసి పంపారు. వందకి 138! ఒకరైతే "దేశం లక్ష్యాన్ని దాటేసింది సార్" అని కూడా కలిపారు. అందుకే ఈసారి చెబుదామనుకున్న జిల్లాల సంగతి పక్కన పెట్టేశాను, ముందు దీన్ని తేల్చుకుందాం.

2018–20లో మన మాతా మరణాలు లక్ష సజీవ జననాలకు 97. 2030కల్లా 70కి దించాలి. మీరు 97ని 70తో భాగించి వందతో గుణించారు. తగ్గాల్సిన అంకె కదండీ అది, ఈ లెక్కన అప్పట్లో 195 ఉన్న అస్సాం ఫస్టు రావాలి. తిరగేసి 70ని 97తో భాగించి 72 అన్నవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే, కాకపోతే చూడ్డానికి నమ్మేలా ఉంటుంది, అందుకే నాకు దానిమీదే ఎక్కువ చిరాకు.

నీతి ఆయోగ్ సూచీలో సున్నా అంటే అందరికన్నా వెనకున్న రాష్ట్రం, వంద అంటే లక్ష్యం. మధ్యలో ఎక్కడున్నామన్నదే మార్కు. అస్సాం 195 నుంచి 70 దాకా దూరం 125. 2018–20లో మనం 97 దగ్గరున్నాం, అంటే 98 నడిచాం. 98ని 125తో భాగించి వందతో గుణిస్తే 78.4. సూత్రం ఇంకోలా రాస్తారుగానీ నేను "నడిచిన దూరం బై మొత్తం దూరం" అనే గుర్తుపెట్టుకుంటాను, పెరగాల్సిన అంకెలకీ ఇదే పనికొస్తుంది. లక్ష్యం దాటితే బోనస్ లేదు: అదే 2018–20 లెక్కల్లో కేరళ 19, తెలంగాణ 43, ఆంధ్ర 45, అంచుమీదున్న కర్ణాటక 69, అందరికీ వందే.

ఇప్పుడు మెలిక. అస్సాం బాగుపడి, 173తో మధ్యప్రదేశ్ చివరికి వచ్చిందనుకోండి, దేశం 97 దగ్గరే ఉందనుకోండి. మొత్తం దూరం 103, నడిచింది 76, మార్కు 73.8. మనం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు, మార్కు మాత్రం పడిపోయింది!

ఇంకోటి, అన్నీ కలిపిన మొత్తం మార్కు 2018 సూచీలో దేశానికి 57, 2023–24లో 71 కాబట్టి 14 మార్కులు ఎదిగామని వ్యాసంలో రాసేయకండి. 2018లో 13 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు, 62 సూచికలు (మాతా మరణాల్లాంటి కొలతలు). 2023–24లో 16 లక్ష్యాలు, 113 సూచికలు. ప్రశ్నపత్రమే మారిపోయింది.

అభ్యాసం: అదే 2018–20 లెక్కల్లో ఉత్తరప్రదేశ్ మాతా మరణాలు 167. అస్సాం చివర ఉన్నప్పుడు ఒకసారి, మధ్యప్రదేశ్ చివర ఉన్నప్పుడు ఒకసారి మార్కు కట్టండి. తర్వాత నీతి ఆయోగ్ సూచీ నివేదిక తెరిచి, తగ్గాల్సిన సూచికలు ఇంకో పది ఏరి, మీ రాష్ట్రానికి చేతితో కట్టండి. దశలు లేకుండా జవాబు ఒక్కటే పంపితే నేను చూడను.