పార్కిన్సన్స్ ముదురుతోందో లేదో రక్తంలో చూడాలంటే

మేం పర్లాకిమిడిలో ఉంటాం. డాక్టర్ కోసం ఒక్కోసారి బరంపురం, ఎక్కువసార్లు విశాఖపట్నం. నాన్నకి ఈ జబ్బు బయటపడి ఆరేళ్లయింది, ఏ రిపోర్టు చేతికొచ్చినా ఆయన అడిగేది ఒకటే: "ఏటొచ్చింది, ముదిరిందా?" షుగర్‌కి హెచ్‌బీఏ1సీ ఉన్నట్టు దీనికీ ఒక నంబరుంటే బాగుండునని నేనూ చాలా వెతికాను. అలాంటిది ఇంకా లేదు. అలాగని రక్తంతో పనే లేదనుకోకండి.

వెతికితే ముందు తగిలే పేరు న్యూరోఫిలమెంట్ లైట్ చెయిన్, పొట్టిగా ఎన్‌ఎఫ్‌ఎల్. నాడీకణం నుంచి సాగే పొడవాటి తీగకి లోపల దన్నుగా ఉండే ప్రోటీన్ ఇది. తీగ దెబ్బతింటే విడిపోయి వెన్నునీటిలోకి, అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంది. కొలిచేది పీకోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు, అందుకే సిమోవా లాంటి సున్నితమైన పద్ధతులు కావాలి. చిక్కెక్కడంటే, ఏ కారణంతో నరం దెబ్బతిన్నా ఇది పెరుగుతుంది. వయసుతో పెరుగుతుంది, కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే పెరుగుతుంది, పడి తలకి దెబ్బ తగిలినా, స్ట్రోక్ వచ్చినా పెరుగుతుంది. పార్కిన్సన్స్‌లో చాలామందికి పెరిగేది కొంచెమే. వందల మందిని కలిపి చూస్తే, ఎన్‌ఎఫ్‌ఎల్ ఎక్కువున్నవాళ్లలో నడక, జ్ఞాపకశక్తి తొందరగా తగ్గే తీరు కనిపిస్తుంది, కానీ మీ నాన్నగారి ఒక్కరి సంగతి దాన్నిబట్టి చెప్పలేరు. మరీ ఎక్కువగా వస్తే మాత్రం డాక్టర్లు ఇది పార్కిన్సన్స్ కాక దాన్ని పోలిన వేరే మెదడు జబ్బు, ఎంఎస్‌ఏ, పీఎస్‌పీ లాంటిదేమోనని ఆలోచిస్తారు. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం అక్కడే.

ఇక ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్. ఈ జబ్బులో మెదడు కణాల్లో ముద్దకట్టేది ఇదేనని 1997లో తేలింది. మరి రక్తంలో కొలిచేస్తే సరిపోదా అంటే, ఎర్ర రక్తకణాల నిండా ఇదే ఉంటుంది, రక్తం తీసేటప్పుడు నాలుగు కణాలు చితికినా లెక్క తప్పుతుంది. ముద్దకట్టే ఈ ప్రోటీన్ కొంచెమున్నా పెంచి పట్టుకునే సీడ్ యాంప్లిఫికేషన్ పరీక్ష మీద 2023లో పెద్ద అధ్యయనం వచ్చింది, అది వెన్నునీటి మీద చేసినది, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో నూటికి సుమారు 88 మందికి పాజిటివ్ వచ్చింది. అది జబ్బు ఉందా లేదా అన్నదానికి, ఎంత ముదిరిందో చెప్పడానికి కాదు. ఎవరైనా "రక్తం ఇవ్వండి, స్టేజ్ చెప్పేస్తాం" అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

అయినా డాక్టరే ఎన్‌ఎఫ్‌ఎల్ రాస్తే ఇలా చేయండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి, సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) అయితే సీరమే, ప్లాస్మా (గడ్డకట్టకుండా చేసి తీసే నీరు) అయితే ప్లాస్మానే. అదేరోజు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చేయించి, బరువు రాసిపెట్టుకోండి. ఈమధ్యే పడి తలకి దెబ్బ తగిలుంటే వాయిదా గురించి అడగండి. మా విషయంలో శాంపిల్ తీసుకున్న సెంటరువాళ్లు రెండోసారి చెప్పకుండా వేరే ల్యాబ్‌కి పంపారు, అంకె పెరిగి కనిపించింది, నెలంతా ఇంట్లో ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఒకటి సీరమ్, ఒకటి ప్లాస్మా.

మందు మార్చేంత పని చేసే పరీక్షలు ఇంతకంటే మామూలువి. ఈ జబ్బుకి ముఖ్యంగా ఇచ్చే మందు లెవోడోపా ఏళ్లతరబడి వాడితే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగొచ్చు, బీ12 తగ్గొచ్చు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ కూడా వేసుకుంటుంటే ఇంకా తగ్గొచ్చు. కాళ్ల తిమ్మిర్లు, తూలడం జబ్బు ముదరడమే అనుకుంటాం, తీరా బీ12 తక్కువై ఉంటుంది. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాస్తే లెవోడోపాతో కలిపి మింగించకండి, ఐరన్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం ఉంచమంటారు.

ముదరడం తెలిసేది మాత్రం ఇంట్లోనే. మా గోడమీద ఒడియా క్యాలెండరు, దాని గళ్లలో అమ్మ తెలుగు రాతలు: మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, ఎన్నింటికి ఒళ్లు కదిలింది, ఎప్పుడు మళ్లీ బిగుసుకుంది. నెలకోసారి, మాత్ర వేసుకున్న గంటకి, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లో ఫోన్‌లో చూస్తాను. ఒకే వాక్యం రాయిస్తాను, అక్షరాలు చిన్నవవుతున్నాయేమో చూస్తాను. డాక్టర్ గారు రిపోర్టుల కంటే ఆ కాగితాలనే ఎక్కువసేపు తిరగేశారు.

ఒకటి గుర్తుంచుకోండి. నెలలు, ఏళ్లలో వచ్చేది ముదరడం. నిన్న నడిచిన మనిషి రెండు రోజుల్లో మంచం పడితే ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం పరుగెత్తకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, మరిచిన మాత్ర, ఇవి ముందు చూడమనండి. ఆ హడావిడిలో వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ పొడవబోతే, పార్కిన్సన్స్ ఉందని గట్టిగా చెప్పి ఆపండి. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్, అది దాన్నే అడ్డుకుంటుంది.